బ్యాకప్ పచ్చ టిక్కు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పచ్చ టిక్కు గారి దివ్య సముఖమునకు,

మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు ఆఫీసులో తమరి కింద పనిచేస్తున్న సిస్టమ్స్ మనిషి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమెవరం క్షేమంగా లేము. తమరు మాత్రం దివ్యంగా ఉన్నారని తెలుసు. ఇవాళ పొద్దున కూడా దర్శనం చేసుకున్నాను. రాత్రి తీసిన డేటా నకలు, అదే బ్యాకప్, సరిగ్గా అయిందని చెప్పే స్క్రీన్ మీద కుడివైపు, "సక్సెస్" పక్కన, నిగనిగలాడుతున్నారు.

సోమవారం సాయంత్రం గాలిదుమారం సంగతి తమరి దాకా వచ్చే ఉంటుంది. కాంటా ముందు సన్నాల ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. ఫెళ్లున పిడుగు పడింది, యూపీఎస్ ఒక్క కూత కూసి ఊరుకుంది, సర్వర్ పోయింది. రెయిడ్, అంటే డేటాను నాలుగైదు డిస్కుల మీద సర్ది పెట్టే ఏర్పాటు, ఉంది కదా అని ఎవరో అన్నారు. ఒక డిస్కు పోతే రెయిడ్ ఆదుకుంటుంది. కంట్రోలర్‌తో కలిపి అన్నీ ఒకేసారి కాలిపోతే దానికి మాత్రం దిక్కెవరు? అయినా ఎవరూ పెద్దగా టెన్షన్ పడలేదు. తమరున్నారన్న ధైర్యం.

బ్యాకప్ నుంచి డేటాను తిరిగి ఎక్కించే రిస్టోర్ రాత్రంతా నడిచింది. తెల్లారేసరికి సేటు, మేనేజరు, కాంటా గుమాస్తా ముగ్గురూ నా కుర్చీ వెనక నిలబడ్డారు. సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. రైతుల పేర్లు వచ్చాయి, లారీ నంబర్లు వచ్చాయి. మేనేజరు అప్పుడే ఎవరికో ఫోన్ చేసి "అంతా సెట్ అయింది" అని చెప్పేశాడు. గుమాస్తా ఒక్కడే, "నిన్నటి చీటీ ఒకటి తియ్యి సారూ" అన్నాడు.

తీశాను. చివరి చీటీ దసరా ముందు రోజుది. ట్రాక్టర్ నంబరు, నిండు బరువు, ఖాళీ బరువు, తేమ శాతం, అన్నీ ముత్యాల్లా ఉన్నాయి. ఆ తర్వాత ఒక్క చీటీ లేదు. వానాకాలం ధాన్యం లేదు. యాసంగిలో ఇప్పటిదాకా దిగింది లేదు. ఆర్నెల్ల మిల్లు మాయం!

ఏం జరిగిందో తమరికి తెలియదు. తెలుసుకునే అలవాటూ తమరికి లేదు కాబట్టి నేనే చెబుతాను. ఆయుధ పూజకి సర్వర్‌కి కుంకుమ పెట్టి, నిమ్మకాయ కట్టాం. మర్నాడు ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) ఇంజనీరు హైదరాబాద్ నుంచి వచ్చాడు. పొద్దుటి నుంచీ "నార్కట్‌పల్లి దాటాను సార్" అంటూ మధ్యాహ్నానికి దిగాడు. డేటాబేస్ స్లో అయిందని దాన్ని డీ డ్రైవ్ నుంచి కొత్త ఎస్ఎస్‌డీలోకి, అంటే 'ఈ' (E) డ్రైవ్‌లోకి మార్చాడు. పాత ఫోల్డరు ఎందుకైనా మంచిదని అక్కడే ఉంచాడు. బ్యాకప్ జాబ్‌కి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. అది డీ డ్రైవ్‌కే వెళ్తూ వచ్చింది. ఆయన ఆ పాత ఫోల్డరు తీసేసి ఉంటే ఆ రాత్రే "ఫోల్డర్ దొరకలేదు" అని ఎర్రర్ వచ్చేది, తమరు ఎర్రబడేవారు, మేం బతికిపోయేవాళ్లం. ధాన్యమంతా కొత్త గోదాముకు తరలించాక పాత ఖాళీ గోదాముకు కావలి కాస్తూ, రోజూ పొద్దున్నే వచ్చి "అంతా భద్రం దొరా" అని సలాం కొట్టిన చౌకీదారు తమరు.

తమరి తోబుట్టువు డీడూప్లికేషన్ గారిని కూడా ఈ సందర్భంగా స్మరించుకోవాలి. ఆమె పద్ధతి అందరికీ తెలిసిందే. ఫైళ్లను ముక్కలుగా కోస్తుంది, ప్రతి ముక్కకీ ఒక హాష్, అంటే వేలిముద్ర లాంటి సంఖ్య, లెక్క కడుతుంది. అదే హాష్ మళ్లీ కనబడితే ఆ ముక్కను రెండోసారి దాచదు, "ఇది నా దగ్గర ఉంది" అని ఒక గుర్తు రాసుకుంటుంది. మంచి విద్యే, కాదనను. దసరా దాకా మా నిష్పత్తి, అంటే ఇచ్చిన డేటాకీ నిజంగా దాచిన డేటాకీ మధ్య లెక్క, ఎనిమిదికి ఒకటో, తొమ్మిదికి ఒకటో ఉండేది. దసరా తర్వాత పెరగడం మొదలైంది. సంక్రాంతికి ఇరవై దాటింది, శివరాత్రికి నలభైకి దగ్గరపడింది. గంటకు పైగా పట్టే బ్యాకప్ నాలుగు నిమిషాల్లో అయిపోసాగింది. వెండర్ కంపెనీ వాళ్లు ఆ గ్రాఫ్‌ను రంగుల్లో ప్రింట్ తీసి తెచ్చి, సేటుకు స్వీట్ బాక్స్ ఇచ్చి, మా మిల్లు వాళ్లకొక "సక్సెస్ స్టోరీ" అన్నారు. పెరగక ఏం చేస్తుంది? రోజూ అదే చచ్చిన ఫోల్డరు ఇస్తుంటే ఏ ముక్కకి ఆ ముక్క పాతదే అవుతుంది. సీజన్ నడిమధ్య, కాంటా రాత్రి పదింటిదాకా మోగుతున్న మిల్లులో, కొత్త డేటా సున్నా అని సాక్షాత్తూ ఆ గ్రాఫే అరిచి చెబుతోంది. దాన్ని లామినేషన్ చేయించి గోడకి కొట్టారు.

ఇందులో నా కడుపుమంట ఒక్కటే. మిగతావన్నీ క్షమిస్తాను గానీ దాన్ని క్షమించలేను. బ్యాకప్ నిజంగా తెరుచుకుంటుందో లేదో ఒకసారి టెస్ట్ రిస్టోర్ చేసి చూద్దామని నేను అడిగినప్పుడల్లా తమరినే నా మొహం మీద కొట్టారు. సేటును అడిగితే, "పచ్చగనే ఉన్నది గదా తమ్మీ, ఇంకేంది పరేషాన్?" అన్నారు. మేనేజరుని అడిగితే సీజన్ అయ్యాక చూద్దామన్నాడు. మిర్యాలగూడలో సీజన్ ఎప్పుడైంది? సాగర్ ఎడమ కాల్వకు నీళ్లొస్తే ఒక సీజను, రాకపోతే బోర్ల కింద ఇంకో సీజను. వెండర్‌ని అడిగితే రిస్టోర్ టెస్ట్ ఏఎంసీలో లేదు, దానికి వేరే కొటేషన్ అన్నాడు. చివరికి ఆడిటర్ వచ్చినప్పుడు ఈయనైనా అడుగుతాడని ఆశపడ్డాను. ఆయన "బ్యాకప్ ఎవిడెన్స్" అన్నాడు. తమరి స్క్రీన్‌షాట్ ఇచ్చారు. ఆయన దాని మీద తన పెన్నుతో ఇంకో టిక్కు పెట్టాడు. టిక్కుకు టిక్కే సాక్షి.

తమరిది పెద్ద వంశమని నాకు తెలుసు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే కంపెనీలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్ డైరెక్టరీనే తుడిచేశాడు. ఆపే లోపే దాదాపు 300 జీబీ పోయింది. బ్యాకప్‌కి అయిదు పద్ధతులు పెట్టుకున్న కంపెనీ అది, అవసరం పడ్డ రాత్రి అయిదూ చేతులెత్తేశాయి. రోజూ నడుస్తుందనుకున్న డంప్ (డేటాబేస్ మొత్తానికి తీసే నకలు), వెర్షన్ తేడా వల్ల ఎప్పటినుంచో ఫెయిలవుతోంది. ఫెయిలైందని చెప్పే మెయిళ్లు కూడా మెయిల్ సెట్టింగుల దగ్గరే తిరగ్గొట్టబడ్డాయి. ఎవరో వేరే పనికోసం అంతకు ఆరు గంటల ముందు చేత్తో తీసిన స్నాప్‌షాట్ (ఆ క్షణానికి ఉన్న డేటా నకలు) ఒకటి ఉంటే దాంతో గట్టెక్కారు. ఆ కంపెనీ వాళ్లు జరిగిందంతా దాచకుండా జనం ముందు పెట్టారు. దానికి మాత్రం దండం పెట్టాలి.

ఇంకొకటి, మొన్న మొన్నటిదే. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని దేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌లో బ్యాటరీలు అంటుకున్నాయి. ప్రభుత్వ ఉద్యోగులు పనిచేసుకునే జీ-డ్రైవ్ అనే స్టోరేజీలో 858 టెరాబైట్లు బూడిదయ్యాయి. బయట ఇంకో కాపీ లేదు. అంత పెద్దదానికి బ్యాకప్ పెట్టడం కష్టమని వదిలేశారట. ఆ దేశంలో ఆ మాట విని నవ్వినవాళ్లు మా డీఆర్ సైట్ (ఇక్కడ ప్రమాదం జరిగితే పని నడిపే రెండో చోటు) చూస్తే ఏమైపోతారో. మా డాక్యుమెంటులో "భౌగోళికంగా వేరైన రెండో సైట్" అని రాసి ఉంది. అది రోడ్డుకు అవతల మా రెండో మిల్లు. ట్రాన్స్‌ఫార్మర్ రెండింటికీ ఒకటే. మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి బయటి చోట అనే 3-2-1 సూత్రంలో ఆ "బయట"కి మావాళ్లు ఇచ్చిన అర్థం, గేటు బయట. అదే డాక్యుమెంటులో ఇంకో పేజీలో ఆర్‌పీఓ పదిహేను నిమిషాలు, ఆర్‌టీఓ నాలుగు గంటలు అని బోల్డులో ఉంది. అంటే పదిహేను నిమిషాలకు మించి డేటా పోదు, నాలుగు గంటల్లో పని మళ్లీ మొదలవుతుంది. పోయింది ఆర్నెల్లు! ఎవరికి చెప్పుకోవాలి?

స్టోరేజీ నిండిపోతోందని గోల పెడుతూ, అందులోనే సీసీ కెమెరా వీడియోలు పోసిన మహానుభావుడి గురించి ఇక్కడ రాయను. ముందే కుదించిన వీడియోని డీడూప్ ఇంకేం కుదిస్తుంది? సర్వర్‌కీ, బ్యాకప్ పెట్టెకీ ఒకే అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టినాయన గురించి కూడా రాయను. డేటాకు తాళం వేసి డబ్బులడిగే రాన్సమ్‌వేర్ మా మీద దయతలచి ఇంకా రాలేదు.

బుధవారం దామరచర్ల వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ధాన్యం డబ్బులు కొంత రావాలి. ఫోన్ కవర్ తీసి, దాని వెనక నుంచి నాలుగు మడతలు పెట్టిన తెల్ల చీటీ తీశాడు. మడతల దగ్గర కొంచెం అరిగింది గానీ డాట్ మ్యాట్రిక్స్ చుక్కలు ఒక్కటీ పోలేదు. నేను కంప్యూటర్‌లో వెతికి లేదన్నాను. ఆయన ఒక్కసారి నన్ను, ఒక్కసారి స్క్రీన్‌ను చూశాడు. "నా చీటీ నా దగ్గరున్నది బిడ్డా. మీ కంప్యూటర్ల లేకపోతె నన్నేం జెయ్యమంటవ్?" అన్నాడు. కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు. అప్పుడు కూడా తమరు నా పక్క స్క్రీన్ మీద పచ్చగా...

ఇక మీరూ గీరూ నా వల్ల కాదు. ఏందిరా నీ పచ్చదనం? నిన్ను అడిగింది ఏంది, నువ్వు చెప్పింది ఏంది? "కాపీ అయిందా" అని ప్రోగ్రామ్ అడిగింది, అయిందన్నావు. ఎక్కడి నుంచి కాపీ అయింది, ఎప్పటిది, తెరుచుకుంటుందా అని నిన్నెవరూ అడగలేదు, నువ్వూ నోరు తెరవలేదు. అబద్ధం ఆడావని కేసు పెట్టడానికి కూడా లేదు. నువ్వు ప్రతి రోజూ నిజమే చెప్పావు. ఆ నిజంతోనే మమ్మల్ని ముంచావు.

నువ్వేం చేస్తే నేను మళ్లీ నీకు దండం పెడతానో చెబుతాను, విను. రాత్రి బ్యాకప్ అయ్యాక ఇంకో మెషీన్ మీద దానంతటదే రిస్టోర్ కావాలి. అందులో నిన్నటి తారీఖు చీటీ ఒకటి తెరవాలి. అందులోని బరువు కాంటా దగ్గరి కాగితం మీద బరువుతో కలవాలి. ఎప్పుడూ వచ్చే కొత్త డేటాలో పదో వంతు కూడా రాకపోతే, అది ఎంత స్పీడుగా అయినా సరే, నువ్వు ఎర్రబడి గోల చెయ్యాలి. అప్పటిదాకా బూడిద రంగులో ఉండు. నీకు పచ్చ రంగు వెయ్యాల్సింది నువ్వు కాదు, మా కాంటా గుమాస్తా. మొత్తం మిల్లులో రిస్టోర్ టెస్ట్ అంటే ఏమిటో ఎవరూ చెప్పకుండానే తెలిసినవాడు ఆయనొక్కడే.

కొత్త ఏఎంసీ కొటేషన్ నిన్న వచ్చింది. రిస్టోర్ టెస్ట్ ఈసారి కూడా "ఆప్షనల్" కిందే ఉంది, జీఎస్టీ అదనం. సేటు ఆ లైను కింద రెండు గీతలు కొట్టారు. ఉంచమని కొట్టారో, తీసెయ్యమని కొట్టారో అడిగే ధైర్యం నాకింకా రాలేదు.

ఉంటాను. చీటీల గులాబీ కాపీలన్నీ గోదాములో గన్నీ సంచుల్లో దొరికాయి. ఎలుకలు అంచులు మాత్రమే తిన్నాయి, అంకెలు వదిలిపెట్టాయి. దసరా మర్నాటి నుంచి ఎంట్రీ మొదలుపెట్టాం. ప్రస్తుతం దీపావళి దగ్గర ఉన్నాం.

ఇట్లు,
తమరిని రోజూ చూడక తప్పని
సిస్టమ్స్ మనిషి,
మిర్యాలగూడ