భూమి కంపిస్తే మెట్ల వైపు పరుగులెందుకు?

2024 డిసెంబర్ 4 ఉదయం 7:27కి ములుగు జిల్లా మేడారం ప్రాంతంలో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు, అటు హైదరాబాద్ నుంచి ఇటు విజయవాడ దాకా అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్లు చాలామంది చేసిన పని ఒకటే. పొయ్యి మీది పాలు పొయ్యి మీదే వదిలేసి, పిల్లల్ని చంకనేసుకుని మెట్ల మీదుగా రోడ్డు మీదికి పరుగు. టీవీ చానళ్లు ఆ సీసీటీవీ క్లిప్పుల్నే రోజంతా తిప్పి తిప్పి వేశాయి. ప్రాణనష్టం జరగలేదు, సంతోషం. కానీ మూడో అంతస్తు నుంచి దిగినవాళ్లు కిందికి చేరేసరికే కుదుపు ఆగిపోయింది. అంటే ఆ పరుగుతో వాళ్లు తప్పించుకున్నదంటూ ఏమీ లేదు.

నిజంగా గట్టి భూకంపమే వచ్చి ఉంటే పరిస్థితి వేరు. అసలు నిలబడటమే కష్టం, ఇక మెట్లు దిగడం ఏం కుదురుతుంది? ఊగుతున్న బిల్డింగులో ముందు దెబ్బతినే చోట్లలో మెట్లదారి ఒకటి, పైగా అందరూ ఒకేసారి అటే వస్తారు. ఎలాగోలా గేటు దాకా వచ్చినా, పిట్టగోడ ఇటుకలు, కిటికీ అద్దాలు, గోడకి బిగించిన ఏసీ యూనిట్లు రాలిపడేది సరిగ్గా అక్కడే. అందుకే పిల్లర్లేసి కట్టిన ఇంట్లో ఉంటే కుదుపు మొదలవగానే ఉన్నచోటే కిందికి వంగండి, గట్టి బల్ల ఉంటే దాని కిందికి దూరి తల, మెడ కాచుకుంటూ బల్ల కాలు పట్టుకోండి, ఎందుకంటే బల్ల కూడా జరుగుతుంది. మన ఇళ్లలో డైనింగ్ టేబుల్ ఉంటే సగం చోట్ల పైన అద్దమే, దాని కిందికి వెళ్లొద్దు. లోపలి గోడ వారగా కూర్చుని రెండు చేతులతో తల కప్పుకోవడమే మేలు. మంచం మీద ఉంటే దిగకుండా తల మీద దిండు పెట్టుకోండి. లిఫ్ట్ జోలికి మాత్రం పోవద్దు.

ఇక వాట్సాప్‌లో ఏళ్లుగా తిరుగుతున్న మెసేజ్ ఒకటుంది, బీరువా పక్కనో సోఫా పక్కనో ముడుచుకుని పడుకుంటే స్లాబ్ కూలినా అక్కడ ఖాళీ మిగిలి బతుకుతారని. చదవడానికి బాగానే ఉంటుంది. ఆ ఊపులో బీరువా ఉన్నచోటే ఉంటుందని ఎవరు చెప్పారు? అది పడేది పక్కన పడుకున్నవాడి మీదే. భూకంపం వచ్చిన ప్రతిసారీ స్లాబులేమీ కూలవు. చాలామందికి దెబ్బలు తగిలేది మీద పడే సామాన్ల వల్ల. మంచానికి ఎదురుగా ఉన్న బీరువాని రెండు ఎల్ క్లాంపులతో గోడకి బిగించడం, సజ్జ మీద పేర్చిన ఇత్తడి బిందెలు, పాత మిక్సీలు కిందికి దించడం, ఓ ఆదివారం పొద్దున్న అయిపోయే పనులు.

అయితే ఉన్నచోటే ఉండమన్న సలహా అన్ని ఇళ్లకీ పనికిరాదు. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున, 4 గంటలు కూడా కాకముందు, వినాయక నిమజ్జనం ముగించుకుని జనం నిద్రపోతున్న వేళ, మన సరిహద్దుకి దగ్గర్లోనే మహారాష్ట్రలోని లాతూర్ జిల్లా కిల్లారిలో భూమి కంపించింది. తీవ్రత 6.2. దాదాపు 10,000 మంది చనిపోయారు. అక్కడి ఇళ్లకి బురదతో పేర్చిన లావుపాటి రాతి గోడలు, పైన ఎండ ఆగడానికి వేసిన మట్టి మిద్దె. గోడలు విడిపోగానే ఆ బరువంతా నిద్రలో ఉన్నవాళ్ల మీద పడింది. అలాంటి మట్టిమిద్దెలో ఉండి, తలుపు నాలుగడుగుల దూరంలో ఉంటే మాత్రం బయటికి ఉరకడమే సరైన పని, గోడలకీ కరెంటు తీగలకీ దూరంగా. భూకంప ప్రమాదాన్ని బట్టి దేశాన్ని జోన్లుగా విడదీసిన అప్పటి మ్యాపులో కిల్లారి అన్నిటికంటే తక్కువ ప్రమాదమున్న మొదటి జోన్‌లో ఉండేది. 2002లో ఆ జోన్‌నే ఎత్తేసి రెండో జోన్‌లో కలిపేశారు. హైదరాబాద్ రెండో జోన్, మాకేం కాదులే అనేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. గోదావరి లోయలో కూడా మొన్నటి ములుగు భూకంపం మొదటిది కాదు, 1969లో భద్రాచలం ప్రాంతంలో 5.7 తీవ్రతతో వచ్చింది.

నా ఉద్దేశంలో అసలు చర్చ మొదలవ్వాల్సింది పార్కింగ్ దగ్గర. 2001 జనవరి 26న గుజరాత్‌లోని భుజ్ భూకంపానికి, ఆ భూకంప కేంద్రానికి 200 కిలోమీటర్లకి పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కూలాయి. కూలినవాటిలో చాలావాటికి కింద గోడల్లేకుండా పిల్లర్ల మీద పార్కింగ్ వదిలారు. పై అంతస్తుల్లో గోడలుంటాయి కాబట్టి అదంతా ఒక ముద్దగా కదులుతుంది, వంగాల్సిందంతా కింది పిల్లర్లే వంగాలి. మన ఊళ్లలో కొత్త అపార్ట్‌మెంట్లు చాలావరకు ఇదే పద్ధతి.

ఆ పిల్లర్ నిలబడేదీ లేనిదీ తేల్చేది లోపలి రింగులు. నిలువు ఊచల చుట్టూ కట్టే ఆ రింగు కొసని లోపలికి, కాంక్రీటులోకి దిగేలా 135 డిగ్రీలు వంచాలి. సైట్లలో చాలాచోట్ల 90 డిగ్రీలకే వంచి వదిలేస్తారు, పని తొందరగా తెములుతుందని. పైపొర కాంక్రీటు రాలగానే ఆ కొస తెరుచుకుంటుంది, ఇక ఊచల్ని పట్టి ఉంచేదేమీ ఉండదు. బీమూ పిల్లరూ కలిసే చోట రింగులు దాదాపు నాలుగంగుళాలకొకటి ఉండాలి, సరిగ్గా అక్కడే దూర్చడం కష్టమని మానేస్తారు. 2016 నాటి నిర్మాణ కోడ్ ప్రకారం ఈ నియమాలు విజయవాడ లాంటి మూడో జోన్ ఊళ్లకి తప్పనిసరి, రెండో జోన్‌కి కాదు. ఫ్లాట్ కొనేటప్పుడు ఈశాన్యం పెరిగిందా, వంటగది ఆగ్నేయంలో ఉందా అని పది ప్రశ్నలేస్తాం, ఇంజినీరుని రింగుల గురించి అడిగినవాళ్లు ఎంతమంది?

ఇప్పటికే కట్టేసిన బిల్డింగుకైనా దారి లేకపోలేదు. స్ట్రక్చరల్ ఇంజినీరు చూసి లెక్కగట్టి, కింది అంతస్తులో కొన్ని పిల్లర్ల మధ్య కాంక్రీటు గోడలు గానీ, ఏటవాలుగా బిగించే ఉక్కు బ్రేసింగ్ గానీ పెట్టిస్తే చాలావరకు బలపడుతుంది. ఖర్చు సంగతి ఎలా ఉన్నా, దానికి రెండు మూడు కార్ల చోటు పోతుంది. ఆ కార్లు ఎవరివి అనే దగ్గరే అసోసియేషన్ మీటింగ్ ఆగిపోతుంది.