పొజిటానోకి ఒక్కరోజులో వెళ్ళొచ్చేస్తాం అనేవాళ్ళకి

ఎండాకాలం వచ్చిందంటే చాలు, నాకు మెసేజ్‌లు మొదలు. "అక్కా, రోమ్‌లో నాలుగు రోజులుంటున్నాం, అందులో ఒకరోజు అమాల్ఫీ కోస్ట్ పెట్టుకున్నాం, జనం లేని ప్లేసులు నాలుగు చెప్పవా" అని. జర్మనీలో ఉంటున్నా కదా, ఇటలీ అంటే మా పక్క వీధి అనుకుంటారేమో మరి. అమాల్ఫీ కోస్ట్ అంటే ఇటలీ దక్షిణాన కొండలూ సముద్రమూ కలిసే తీరం, ఫోటోల్లో కనిపించే పొజిటానో అక్కడి ఊరే. మూడుసార్లు వెళ్ళొచ్చిన దాన్ని కాబట్టి చెప్తున్నా, ఒకరోజులో వెళ్ళొచ్చేవాళ్ళకి జనం లేని చోటు దొరకదు, ఎందుకంటే ఆ జనం మీరే.

నేనేం తక్కువ తిన్నానా, మొదటిసారి నేనూ అదే చేశా. ఆగస్టు నెల, ఆ తీరానికి బస్సెక్కే సొరెంటో అనే ఊళ్ళో బస్సు కోసం ఎండలో గంటన్నర నిలబడ్డాం, వచ్చిన రెండు బస్సులూ నిండిపోయి ఆగకుండా పోయాయి, మూడోదాంట్లో వేలాడుతూ పొజిటానోలో దిగితే ఫోటో తీసుకునే దగ్గర కూడా క్యూ. బీచ్‌లో పడక కుర్చీలకి డబ్బులు, గొడుగుకి డబ్బులు, ఫ్రీగా కూర్చునే ముక్క ఓ మూల ఉంది గానీ అక్కడ తువ్వాలు పరిచే జాగా లేదు. మధ్యాహ్నం ఒక హోటల్లో తిన్న పాస్తాకి బిల్లు చూసి మా ఆయన సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. ఊరు అందంగా లేదని కాదు, అందంగానే ఉంది, కానీ నాకు గుర్తున్నదల్లా ముందున్న మనిషి బ్యాక్‌ప్యాక్.

అసలు విషయం ఏంటంటే ఆ తీరంలో 13 ఊళ్ళున్నాయి. మనవాళ్ళకి తెలిసింది పొజిటానో, అమాల్ఫీ, రవెల్లో, అంతే. 1997లో యునెస్కో గుర్తింపు ఇచ్చింది ఆ మూడింటికి కాదు, తీరం మొత్తానికి. మరి మిగతా పది ఊళ్ళు ఎవరి కంటికీ ఎందుకు ఆనవు అంటే నాకు రెండోసారి వెళ్ళినప్పుడు గానీ అర్థం కాలేదు. ఇప్పుడు బస్సులు తిరిగే ఆ రోడ్డు ఉంది చూశారా, అది 19వ శతాబ్దంలో, దక్షిణ ఇటలీని ఏలిన బూర్బన్ రాజుల కాలంలో వేసింది. అంతకుముందు అక్కడ రోడ్డే లేదు. పడవ, కంచరగాడిద, లేదంటే మెట్లు. అంటే ఆ మెట్లే అసలు దారులు, ఊళ్ళన్నీ వాటిని పట్టుకునే పుట్టాయి, రోడ్డు తర్వాత వచ్చి మధ్యలోంచి కోసుకుంటూ పోయింది. టూరిస్టులం అందరం ఆ రోడ్డు మీదే ఇరుక్కుని "అబ్బ ఎంత రష్" అనుకుంటాం, ఒక వంద మెట్లు ఎక్కినా దిగినా మనిషి కనపడడు. మోకాళ్ళతో కట్టాల్సిన టికెట్ అన్నమాట.

అత్రానీ చూడండి. అమాల్ఫీ నుంచి నడిస్తే పది నిమిషాలు, కొండలో తవ్విన నడక సొరంగం కూడా ఉంది. వైశాల్యంలో ఇటలీ మొత్తానికి అతి చిన్న మున్సిపాలిటీ ఇదే, 0.12 చదరపు కిలోమీటర్లు, మన దగ్గర కొన్ని అపార్ట్‌మెంట్ వెంచర్లే అంతకంటే పెద్దవి. ఒకప్పుడు అమాల్ఫీ పాలకులకి పట్టాభిషేకం జరిగింది ఇక్కడి చర్చిలోనే. ఇప్పుడు చర్చి ముందు పిల్లలు బంతాట ఆడుకుంటారు, ముసలాళ్ళు కుర్చీలేసుకుని వచ్చేపోయేవాళ్ళని చూస్తుంటారు, అచ్చం మా ఊరి రచ్చబండ. ఈమధ్య ఏదో వెబ్ సిరీస్ తీశారట, దాంతో పగలు కాస్త జనం పెరిగారు, కానీ ఆరు దాటాక ఆఖరి పడవ పట్టుకుని వెళ్ళాల్సినవాళ్ళు వెళ్ళిపోతే ఊరు మళ్ళీ ఊరివాళ్ళదే.

మయోరీ మీద అయితే నాకు ప్రత్యేకమైన జాలి. తీరం మొత్తంలో పొడుగాటి బీచ్ దానిదే, అయినా విదేశీయులు బస్సులోంచి చూసి ముందుకి పోతారు, ఎందుకంటే ఫోటోకి పనికొచ్చేలా ఉండదు, మామూలు అపార్ట్‌మెంట్ బిల్డింగులు. అలా ఎందుకుందో ఎవరూ అడగరు. 1954 అక్టోబర్‌లో వచ్చిన వరదకి ఊరి ముందు భాగం కొట్టుకుపోయింది, తీరానికి తూర్పు కొసన ఉన్న సలెర్నో అనే నగరం చుట్టుపక్కల అంతా కలిపి మూడు వందల మందికి పైగా పోయారు, ఆ తర్వాత మళ్ళీ కట్టుకున్న ఊరు అది. మనకి ఇన్‌స్టాలో రంగులు కావాలి కాబట్టి వద్దు. ఇటలీవాళ్ళు మాత్రం పిల్లాపాపలతో వచ్చి హాయిగా అక్కడే ఉంటారు.

మయోరీ నుంచి పక్కనున్న మినోరీకి నిమ్మతోటల్లోంచి మెట్లదారి ఉంది. మా అమ్మని తీసుకెళ్ళింది ఇక్కడికే. అరవై మూడేళ్ళు, మోకాళ్ళ నొప్పులు, "ఇన్ని మెట్లా, నన్ను తిరుపతి తీసుకెళ్ళినా పుణ్యం వచ్చేదే" అని తిట్టుకుంటూనే ఎక్కింది పాపం. చెస్ట్‌నట్ కర్రల పందిళ్ళు, వాటి మీద నల్ల వలలు, కింద వేలాడే నిమ్మకాయలు. నిమ్మకాయలంటే మనవి కాదు, దబ్బకాయలకి చెల్లెళ్ళలా పొడుగ్గా, మందపాటి తొక్కతో ఉంటాయి, తొక్కతో సహా ముక్కలు కోసి తినేయొచ్చు. ఒకప్పుడు ఆడవాళ్ళు యాభై కిలోలకు పైగా బరువున్న బుట్టలు వీపున మోసుకుంటూ ఈ మెట్లన్నీ దిగి ఒడ్డున పడవలకి చేర్చేవాళ్ళట, వాళ్ళని ఫొర్మికెల్లే అంటే చిన్న చీమలు అనేవాళ్ళు. అది చెప్పాక అమ్మ మోకాళ్ళ మాట ఎత్తలేదు. తోట దగ్గర అమ్ముతున్న ఒకావిడ నిమ్మముక్క మీద పంచదార చల్లి ఇస్తే, అమ్మ దాన్ని పక్కనపెట్టి ఇంకో ముక్క తీసుకుని హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఉప్పు పొట్లం తీసింది. ఇద్దరూ ఒకళ్ళ ముక్క ఒకళ్ళు రుచి చూసుకున్నారు, భాష రాకపోతే ఏం.

ఇక చెతారా. ఇది చేపలు పట్టుకునేవాళ్ళ ఊరు, టూరిజం కోసం వేసిన సెట్టింగ్ కాదు, రేవులో నిజంగానే ట్యూనా పడవలుంటాయి. ఇక్కడ కొలతూరా అని ఒకటి చేస్తారు. చిన్న చేపల్ని శుభ్రం చేసి చెస్ట్‌నట్ పీపాలో ఒక వరస చేప ఒక వరస ఉప్పు పేర్చి పైన బరువు పెట్టి నెలల తరబడి ఊరనిస్తారు, చివర్లో అడుగున చిల్లు పెడితే తేనె రంగులో రసం బొట్లుబొట్లుగా దిగుతుంది. 2020లో దీనికి యూరప్ వాళ్ళ డీఓపీ గుర్తింపు (మన జీఐ ట్యాగ్ లాంటిది) కూడా వచ్చింది. స్పగెట్టీలో పచ్చిదే కలుపుతారు, పాస్తా ఉడికించే నీళ్ళలో ఉప్పు వేయరు, ఆ రసమే అంత ఉప్పగా ఉంటుంది కాబట్టి. ఆవకాయ జాడీ చూసి పెరిగినవాళ్ళకి ఇదంతా విడమర్చి చెప్పక్కర్లేదు. శాకాహారులైతే మాత్రం ముందే అడగండి, పాస్తాలో చేప కనపడదు, కానీ ఉంటుంది.

రవెల్లోకి ఎదురుకొండ మీద స్కాలా ఉంది, రవెల్లో మొత్తం కనపడేది అక్కడినుంచే, టికెట్ లేదు, క్యూ లేదు. అక్కడినుంచి పొంతోనే మీదుగా మెట్లు దిగితే అమాల్ఫీ వచ్చేస్తుంది. ప్రయానోలో గవితెల్లా బీచ్‌కి నాలుగు వందలకి పైగా మెట్లు, కానీ పడమటి ముఖం కాబట్టి మిగతా బీచ్‌లు కొండ నీడలోకి వెళ్ళిపోయాక కూడా అక్కడ ఎండ ఉంటుంది. దేవతల దారి అని ఒక ట్రెక్ గురించి అందరూ చెప్తారు, బాగుంటుంది, కానీ ఇప్పుడది తిరునాళ్ళ. పొద్దున్నే ఏడింటికల్లా మొదలుపెట్టలేకపోతే వదిలేయండి.

"ఇలా పేర్లన్నీ చెప్పేస్తే అవీ పాడైపోవా" అని మా చెల్లి అంది. నాకూ ఆ డౌట్ ఉంది, కాదనను. కానీ పాడయ్యేది పేరు తెలిసి కాదు, అందరం పొద్దున పదింటికి వచ్చి నాలుగింటికి పోవడం వల్ల. ఆ ఊళ్ళో గది తీసుకుని, ఆ ఊరి కొట్లో బ్రెడ్డు కొనుక్కుని, రాత్రి అక్కడే పడుకునేవాళ్ళ వల్ల కాదు. ఆ తీరానికే నాలుగు రోజులు ఇవ్వలేమంటే, అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన పాత ఊరు పాంపేయీ చూసుకుని రోమ్‌కి వెనక్కి వెళ్ళండి, అదేం తక్కువ కాదు.

నా మటుకు నేను ఇప్పుడు వెళ్తే దిగేది సలెర్నోలో. రోమ్ నుంచి ఫాస్ట్ ట్రైన్‌లో రెండు గంటలు, గదులు చవక, అక్కడినుంచి సీజన్‌లో పడవ చెతారా, మయోరీ, మినోరీ మీదుగా వెళ్తుంది, బస్సు గొడవే ఉండదు. మే నెలలోనో అక్టోబర్ మొదట్లోనో వెళ్ళండి. సముద్రం ఒప్పుకోకపోతే పడవలు ఆపేస్తారు, ఆ రోజుకి వేరే ప్లాన్ ఉంచుకోండి. చక్రాల సూట్‌కేసు వద్దు, మెట్ల మీద దాన్ని మోసేది మీరే. ఇటలీవాళ్ళ పెద్ద సెలవు ఆగస్టు 15 దగ్గర్లో వెళ్ళేలా టికెట్లు కొనేసి ఆ తర్వాత "అక్కా, జనం లేని ప్లేస్" అని మెసేజ్ పెడితే మాత్రం రిప్లై ఇవ్వను, ఆ వారం ఇటలీ మొత్తం సముద్రంలోనే ఉంటుంది.