చిమ్నీ చూడ్డానికి డబ్బివ్వండి

అమెరికా సబర్బుల్లో పాత ఇటుక ఇల్లు కొన్నవాళ్లకు ఏదో ఒకరోజు ఈ తలనొప్పి తప్పదు. కప్పు మీద చిమ్నీ ఇటుకల సందుల్లోంచి మాలు రాలుతుంటుంది, గట్టి వాన పడితే అటకలో తడి మరక తేలుతుంది. ఫోన్ చేసిన ప్రతివాడూ ఫ్రీగా చూసి ఎస్టిమేట్ ఇస్తానంటాడు. రివ్యూలు చదివి, అంకెలు పోల్చి, మరీ ఎక్కువా మరీ తక్కువా కాని రేటు చెప్పినవాడికి పని అప్పజెప్పేస్తాం. లైసెన్సు, ఇన్సూరెన్సు అడగాలన్న సంగతి అందరికీ తెలిసిందే. నేనంటున్నది వేరు. రిపేరుకు ముందు చిమ్నీని చూడ్డానికే విడిగా డబ్బివ్వాలి. అలా చూసినవాడికి రిపేరు పని ఇవ్వకూడదు.

ఎందుకంటే అసలు కిటుకు తాపీ పనితనంలో కంటే మాలు ఎంపికలో ఉంది. అమెరికాలో పోర్ట్‌లాండ్ సిమెంటు తయారీ 1871లో మొదలైనా, 20వ శతాబ్దం వచ్చేదాకా గోడల్లో సున్నానిదే రాజ్యం. 1930ల నాటికి సిమెంటూ సున్నమూ సమపాళ్లలో కలపడం మామూలైంది. అంతకు ముందరి ఇళ్లలో ఇటుక తరచూ మెత్తనిది, దాన్ని పట్టి ఉంచిన సున్నం ఇంకా మెత్తనిది. అది లోపం కాదు. గోడ తాగిన నీరు సున్నపు సందుల్లోంచి ఆవిరైపోతుంది. చలికీ ఎండకీ గోడ కదిలితే ఆ కదలికను సున్నమే భరిస్తుంది. అరిగితే ముందు అదే అరుగుతుంది, ఇటుక బతుకుతుంది. కొన్ని దశాబ్దాలకోసారి సందులు గీకి మళ్లీ నింపుకుంటే చాలు.

ఇప్పుడు ఆ సందుల్లో గట్టి సిమెంటు కూరితే ఏమవుతుంది? నీటికి బయటికి పోయే దారి ఇటుకే అవుతుంది. గడ్డకట్టే నీరు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. నాలుగు చలికాలాలు గడిచేసరికి ఇటుక మొహం పొరలు పొరలుగా ఊడిపోతుంది, ఇటుకలు లోపలికి కుంగి సిమెంటు గీతలు మాత్రం తేనెపట్టు గదుల్లా ముందుకు పొడుచుకొచ్చి నిలబడతాయి. పాత వీధుల్లో తలెత్తి చూస్తే ఇలాంటి చిమ్నీలు కనిపిస్తూనే ఉంటాయి. వాటిని పాడుచేసింది వయసు కాదు, రిపేరు.

మాలు రకాలకు అక్కడ ఏఎస్‌టీఎం సీ270 అనే ప్రమాణం ఉంది. 28 రోజులకు ఉండాల్సిన కనీస బలం టైప్ ఎంకు 2,500 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), ఎస్‌కు 1,800, ఎన్‌కు 750, ఓకు 350. ఎం నుంచి ఓకు ఏడింతల తేడా! షాపులో సులువుగా దొరికే బస్తాలు ఎస్, ఎన్ రకాలు. పాత మెత్తటి ఇటుకకు తరచూ టైప్ ఓ, లేదా అంతకంటే మెత్తని సున్నపు మాలు కావాలి. కొత్త మాలు ఇటుక కంటే మెత్తగా ఉండాలని, పాత మాలు కంటే గట్టిగా ఉండకూడదని పాత కట్టడాల పరిరక్షణ చూసే ఫెడరల్ సంస్థ నేషనల్ పార్క్ సర్వీస్ తన మార్గదర్శకంలో ఎప్పుడో చెప్పింది. పాత మాలును సందు వెడల్పుకు కనీసం రెండు నుంచి రెండున్నర రెట్ల లోతు వరకు తీశాకే కొత్తది పెట్టాలనీ చెప్పింది. ఎస్టిమేట్ కాగితం మీద వీటిలో ఒక్క ముక్కా ఉండదు. 'టక్‌పాయింటింగ్ (అంటే సందులు గీకి మళ్లీ నింపడం), చిమ్నీ' అని ఒక లైను, పక్కన ఒక అంకె. పైపైన పావంగుళం పూసేవాడూ, అంగుళం లోతు తవ్వేవాడూ ఆ కాగితంలో ఒకేలా కనిపిస్తారు.

లోపలి సంగతి ఇంకా అన్యాయం. ఇల్లు కొనేటప్పుడు పిలిచే మామూలు హోమ్ ఇన్‌స్పెక్టర్ పొగగొట్టం లోపల చూడనక్కర్లేదు, అతని నిబంధనలే అలా ఉంటాయి. ఇల్లు చేతులు మారినప్పుడు కెమెరా దింపి చూసే లెవెల్ 2 తనిఖీ జరగాలని చిమ్నీల అగ్నిభద్రతకు అమెరికాలో ఉన్న ప్రమాణం ఎన్ఎఫ్‌పీఏ 211 చెబుతోంది. ఎంతమంది చేయించుకున్నారు? ఇల్లు వెచ్చబరిచే పాత ఫర్నేసు తీసేసి, పీవీసీ గొట్టంతో గోడలోంచి పొగ వదిలే కొత్తది పెట్టించుకున్న ఇళ్లలోనైతే ఇది మరీ ముఖ్యం. అంత పెద్ద చిమ్నీకి గ్యాస్ వాటర్ హీటర్ ఒక్కటే మిగులుతుంది. దాని కాస్త వేడి పొగ పైకి చేరేలోపే చల్లబడి ఆమ్లపు తడిగా మారి, సందుల్ని లోపలి నుంచి తినేస్తుంది. బయట ఎంత సందు నింపినా లాభం లేదు, చిమ్నీ లోపల సరైన సైజు లైనర్, అంటే పొగ పోయే లోపలి గొట్టం, వేయాల్సిందే. ఇది చెప్పాల్సిన తాపీవాడు చెప్పడు, అతను అమ్మేది లైనర్ కాదు కాబట్టి. లైనర్ అమ్మేవాడు అవసరం లేకపోయినా చెబుతాడు.

ఇదంతా పాత ఇళ్ల పిచ్చోళ్ల చాదస్తమనేవాళ్లున్నారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కట్టిన ఇళ్లకు టైప్ ఎన్ సరిపోతుందనీ, వానకీ మంచుకీ నిలువునా తడిసే చిమ్నీకి కాస్త గట్టి మాలే నయమనీ అంటారు. కొన్ని ఇళ్ల విషయంలో నిజమే. కానీ మీ ఇల్లు ఆ కొన్నింటిలో ఒకటో కాదో తేల్చేదెవరు? బస్తా కొని ట్రక్కులో వేసుకుని వచ్చినవాడా?

నా గొడవ చిమ్నీతో ఆగేది కాదు. చేతిపని తెలిసినవాడి చూపుకు మనం విలువ కట్టం. లాయరు సలహాకు గంటల లెక్కన ఇస్తాం. మేస్త్రీ నిచ్చెనెక్కి, మేకుతో సందు గీకి, రాలిన పొడి వేళ్ల మధ్య నలిపి సున్నమో సిమెంటో చెబితే, అది ఉచితంగా రావాలి! ఉచితంగా అడిగాం కాబట్టి ఆ ఖర్చును రిపేరు బిల్లులో రాబట్టుకుంటాడు. పని దొరికితేనే తిండి కాబట్టి ప్రతి చిమ్నీలోనూ పని కనబడుతుంది. 'ఏం చేయక్కర్లేదు, ఇంకో పదేళ్లు ఆగుతుంది' అన్న నిజాయితీ మాటకు ఈ ఏర్పాటులో పైసా రాదు. ఆ మాట చెప్పగలిగినవాడు ఇంకో వ్యాపారం చూసుకుంటాడు, గ్రైండరు పట్టుకుని దుమ్ము లేపుకుంటూ నాలుగు గంటల్లో ముగించేవాడు మిగులుతాడు. మోసగాళ్లని తిట్టుకుంటాం గానీ, వాళ్లను ఏరికోరి నిలబెట్టింది మన బేరమే.

కాబట్టి తనిఖీ చేసే మనిషికి ముందే చెప్పండి, పని నీకు రాదు, చూపుకే ఫీజు అని. ఆ రిపోర్టు ముందు పెట్టి తాపీవాళ్లను పిలవండి. మాలు రకం, తవ్వే లోతు ఒప్పందంలో రాయమనండి. కంటికి కనబడని ఓ మూల రెండడుగుల మేర చేయించి, ఆరాక రంగూ గట్టిదనమూ పాతదాంతో పోల్చాకే మిగతాది. తలుపు తట్టి 'మీ చిమ్నీ కూలేలా ఉంది' అన్నవాడి దగ్గర సంతకం పెట్టేసి ఉంటే, ఇంటి గుమ్మంలో కుదిరిన బేరాన్ని మూడు పనిదినాల్లో రద్దు చేసుకునే హక్కు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన కింద చాలావరకు ఉంటుంది. చలి 40 డిగ్రీల ఫారన్‌హీట్ (సుమారు 4 సెల్సియస్) కంటే కిందికి దిగే రోజుల్లో రేపే మొదలెడతానంటే వసంతం దాకా ఆగమనండి. ఆగనంటే ఇంకొకరిని చూసుకోండి.