చమురు తెట్టుకు సరిహద్దు లేదు, పరిహారానికి ఉంది

చమురు బావి ప్రమాదం అనగానే మన తరానికి గుర్తొచ్చేది పాశర్లపూడి. 1995 జనవరిలో లేచిన మంట 65 రోజులు ఆరలేదు. అది నేల మీది బావి. మంట కళ్లకు కనిపించింది, ఊళ్లు ఖాళీ చేయించారు. అదే సముద్రం అడుగున పేలితే? 2010లో మెక్సికో గల్ఫ్‌లో 11 మంది చనిపోయారు. సుమారు 1,500 మీటర్ల లోతున ఉన్న ఆ బావి మూతి మూయడానికి అంత పెద్ద అమెరికాకే 87 రోజులు పట్టింది.

ఇప్పుడు కృష్ణా-గోదావరి బేసిన్‌లోని లోతు నీటి నుంచి కూడా ఓఎన్‌జీసీ ముడి చమురు తీస్తోంది, 2024 జనవరి నుంచి. అక్కడ ఏదైనా జరిగితే కాకినాడ సంగతి అందరూ మాట్లాడతారు. ఒడిశాలోని గంజాం జిల్లా గురించి ఎవరూ అనుకోరు. గోపాల్‌పూర్, ఆర్జిపల్లి వైపు వేటే బతుకుగా ఉన్న మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఒడియావాళ్లు వాళ్లను నోలియాలంటారు.

తూర్పు తీరం వెంబడి ప్రవాహం ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి పోతుంది. అంటే తెట్టు కూడా గంజాం వైపే వస్తుంది. నవంబరు నాటికి ప్రవాహం తిరగబడుతుంది, అప్పుడు ఒడిశాలోని పారాదీప్ రేవులో చమురు ఒలికితే టెన్షన్ శ్రీకాకుళానిది. ఫిబ్రవరి, మార్చిలోనే గంజాంలోని రుషికుల్య నది ముఖద్వారం దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. వాటి కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా అక్కడ వేట నిషేధం. నా అనుమానమల్లా ఇక్కడే. నిషేధంలో తెట్టు వస్తే, 'మీరెలాగూ వేటకు పోవడం లేదు కదా, నష్టమేంటి?' అనే ప్రశ్న తప్పదు. తాబేలుకు చట్టముంది, తెప్పకు ఏముంది?

2009లో ఆస్ట్రేలియా జలాల్లోని మోంటారా బావి పేలింది. పొరుగు దేశం ఇండోనేషియాలో సముద్రపు నాచు పెంచుకునే రైతుల పంట పోయింది. చమురు మీ తీరానికి రానే లేదని కంపెనీ వాదించింది. రైతులు 2021లో కోర్టులో గెలిచారు. 19.25 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల ఒప్పందం కుదిరేసరికి 2022 వచ్చింది. పదమూడేళ్లు! వాళ్లు నిరూపించాల్సిన వాటిలో ముఖ్యమైనవి రెండు: చమురు వచ్చిందని, దానివల్లే పంట పోయిందని.

రెండోదానికి పాత లెక్కలు కావాలి. గట్టు మీద వేలంలో ఏ చేప ఎంతకు పోయిందో మన ఆడవాళ్లకు నోటికొచ్చు. ఆ లెక్క సాయంత్రానికల్లా ఒక నోట్‌బుక్‌లో పడాలి, తేదీతో, పడవ నంబరుతో సహా.