బాబాయ్ కుట్లు, ఖజానా శాఖ

ప్రభుత్వాసుపత్రుల్లో జవాబుదారీతనం లేదని కొందరు గిట్టనివాళ్ళు అంటుంటారు, నేను తీవ్రంగా ఖండిస్తున్నా. బ్రహ్మాండంగా ఉంది. కాకపోతే ఎప్పుడూ పక్క గదిలో ఉంటుంది, మనం వెళ్ళేసరికి అప్పుడే టీకి వెళ్ళుంటుంది.

పోయినేడు మా బాబాయ్‌కి హెర్నియా ఆపరేషన్ అయింది. ఆసుపత్రి పేరు చెప్పను, కృష్ణకి అటో ఇటో అనుకోండి. నాలుగో రోజుకి కుట్ల దగ్గర చీము. ఎందుకిలా అయిందని అడిగితే పీజీ చేస్తున్న డాక్టర్ పాప "యూనిట్ సార్‌ని అడగండి" అంది, సారేమో డ్రెస్సింగులు సిస్టర్లు చూసుకుంటారన్నాడు, సిస్టరమ్మ "యాభై మందికి ఒక్కదాన్నే బాబూ, నన్నేం చెయ్యమంటావ్" అంది, ఏడుపు ఒక్కటే తక్కువ, వార్డు కడగట్లేదేంటని శానిటేషన్ సూపర్‌వైజర్ని పట్టుకుంటే మూడు నెలల్నుంచి మాకు జీతాల్లేవన్నాడు, ఏజెన్సీకి ఫోన్ చేస్తే బిల్లు ట్రెజరీలో ఆగిందన్నారు. అంటే మా బాబాయ్ చీముకి కారణం ఖజానా శాఖ. సర్జరీ పుస్తకాల్లో ఈ సంగతి ఇంకా ఎక్కినట్టు లేదు.

సరే, కన్స్యూమర్ కేసు వేద్దామని గుంటూరు అరండల్‌పేటలో తెలిసిన లాయరు గారి దగ్గరికెళ్ళా. ఆయన అడిగిన మొదటి మాట, "డబ్బులేమైనా కట్టారా?" లేదండీ, ఫ్రీ అన్నా. "అయితే మీ బాబాయ్ వినియోగదారుడు కాడు" అన్నాడు. అందరికీ ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రి వినియోగదారుల చట్టం కిందకి రాదని 1995లో శాంత కేసులో సుప్రీంకోర్టు చెప్పిందంట. పోనీ చీటీకి ఏదో చిల్లర కట్టుంటే? రిజిస్ట్రేషన్‌కి ఇచ్చే నామమాత్రపు డబ్బు లెక్కలోకి రాదని కూడా అందులోనే రాశారంట, ఎంత ముందుచూపో. అయితే ఒక సందుంది. అదే ఆసుపత్రిలో కొందరు డబ్బు కట్టి చూపించుకుంటుంటే మాత్రం ఉచితంగా చూపించుకునేవాడు కూడా వినియోగదారుడే అవుతాడు. అంటే బీదవాడి హక్కు పక్క రూములో ఉన్నవాడి రసీదులో ఉందన్నమాట. నేను రెండు రోజులు ఆ వార్డులన్నీ తిరిగా, డబ్బు కట్టినవాడు ఒక్కడు దొరికితే కాళ్ళు పట్టుకుందామని. దొరకలేదు.

సివిల్ కోర్టు తలుపులు తెరిచే ఉన్నాయి, కాదన్లేదు. హర్యానాలో ప్రభుత్వాసుపత్రిలో చేసిన కుటుంబ నియంత్రణ ఆపరేషన్ ఫెయిలైతే పుట్టిన పాపని పెంచే ఖర్చు ప్రభుత్వమే ఇవ్వాలని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆపరేషన్ 1988లో, తీర్పు 2000లో. బాబాయ్‌కి ఇప్పుడు అరవై ఏడు, తొందరేముంది.

ఇక పోలీస్ స్టేషనా? డాక్టర్ మీద క్రిమినల్ కేసు పెట్టాలంటే ముందు వేరే డాక్టరు అభిప్రాయం తీసుకోవాలి, వీలైతే ప్రభుత్వ డాక్టరుదే, అని 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. నిజం చెప్పాలంటే ఇది మంచి మాటే, ప్రతి చావుకీ డాక్టర్ని లోపలేస్తే సీరియస్ కేసు ఎవడూ ముట్టుకోడు. కానీ ప్రభుత్వాసుపత్రి తప్పుని తేల్చేది కూడా ప్రభుత్వ డాక్టరే అయితే, వాళ్ళిద్దరూ ఒకే హాస్టల్ మెస్సులో తిన్నవాళ్ళైతే, ఇంక చెప్పేదేముంది.

2015 ఆగస్టు గుర్తుందా? విజయవాడ నుంచి తెచ్చిన పసివాణ్ణి గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌లో ఎలుకలు కొరికాయి, బిడ్డ చనిపోయాడు. తర్వాత విచారణలు, చర్యలు, ఎలుకల వేట, అన్నీ జరిగాయి. నాకు అర్థమైంది ఒక్కటే, ఖాళీ పోస్టులనేవి లేకుండా, నైట్ డ్యూటీ ఎగ్గొట్టకుండా పనిచేసే డిపార్ట్‌మెంట్ ఆసుపత్రిలో ఎలుకలదొక్కటే.

నేను కంప్లైంట్ పెడితే మా కేసులో కూడా చర్య తీసుకున్నారండోయ్. ఆ సిస్టరమ్మకి మెమో ఇచ్చారు. ఆ యాభై మంచాల దగ్గర రెండో నర్సు ఎందుకు లేదో ఆ పోస్టు నింపని వాళ్ళకి మెమో ఇవ్వాలంటే ముందు ఆ మెమో టైపు చేసే పోస్టు నింపాలనుకుంటా. బాబాయ్ ఆ సంగతి తెలిసి "ఆ అమ్మాయి రాత్రంతా నిలబడే ఉందిరా, నీళ్ళు కూడా ఆవిడే పట్టింది, నువ్వెందుకు కంప్లైంట్ పెట్టావ్" అని నన్నే తిట్టాడు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

కేస్ షీట్ కాపీ మాత్రం వదల్లేదు నేను. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లో ఉంది. రికార్డు రూములో క్లర్కుకి అది చదివి వినిపిస్తే శ్రద్ధగా విన్నాడు, "వర్కింగ్ అవర్సా, మామూలు అవర్సా?" అని అడిగాడు. తర్వాత వానకి తడిసిందన్నాడు, తర్వాత ఎంక్వైరీ వాళ్ళు పట్టుకెళ్ళారన్నాడు.

మొన్న ఆ ఎంక్వైరీ కమిటీ నుంచి రిజిస్టర్డ్ పోస్టు వచ్చింది. ముగ్గురు డాక్టర్ల సంతకాలు. బాబాయ్ స్వయంగా హాజరు కావాలంట, వచ్చేటప్పుడు కేస్ షీట్ ఒరిజినల్ తప్పక తీసుకురావాలంట.

"జిరాక్స్ సరిపోదంటావా?" అంటున్నాడు బాబాయ్.