ట్రైపాడ్ లేకుండా రాత్రి ఫొటో రాదా?

రాత్రిపూట వీధి ఫొటోలు ఎలా తీయాలో చెప్పే మెసేజ్ ఒకటి వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. అందులోని మాటలు ఇవి: ట్రైపాడ్ లేనిదే రాత్రి ఫొటో రాదు. ఐఎస్ఓ (వెలుగును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 400 దాటనివ్వొద్దు, చీకటిగా వస్తే తర్వాత వెలుగు పెంచుకోవచ్చు. దగ్గర్లో మనుషులుంటే ఫ్లాష్ వేయాలి. ఫోన్‌లో నైట్ మోడ్ ఉంటే ఇవేవీ అక్కర్లేదు. రోడ్డు మీదున్న వాళ్లను ఎవరినైనా తీయొచ్చు, అడగక్కర్లేదు. తిరుపతిలో కొత్తగా కెమెరా కొన్న పిల్లలు ఇది నమ్మి గాంధీ రోడ్డులో ట్రైపాడ్ కాళ్లు విప్పుతున్నారు కాబట్టి జవాబు చెప్పక తప్పడం లేదు.

ముందు ట్రైపాడ్ సంగతి. అది కెమెరాను కదలకుండా పట్టుకుంటుంది, ఎదురుగా నడిచే మనిషిని ఆపలేదు. లెక్క వేసి చూద్దాం. ఓ మోస్తరు వీధి దీపాలున్న చోట ఐఎస్ఓ 100, అపెర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం; ఎఫ్ అంకె తగ్గే కొద్దీ అది పెద్దది) ఎఫ్ 2.8 పెడితే షట్టర్ దాదాపు పావు సెకను తెరిచి ఉండాలి. గంటకు నాలుగున్నర కిలోమీటర్ల చొప్పున నడిచే మనిషి ఆ పావు సెకనులో 30 సెంటీమీటర్లు జరిగిపోతాడు. వెనకున్న గోడ, షాపు బోర్డు, కరెంటు స్తంభం స్పష్టంగా వస్తాయి, మనిషి మాత్రం పొగలా వస్తాడు. అదే వెలుతురులో ఐఎస్ఓ 3200 పెట్టండి. షట్టర్ సెకనులో 125వ వంతుకు వస్తుంది. ఆ కాసేపట్లో ఆయన కదిలేది ఒక్క సెంటీమీటరు.

ఆ వేగంలో చెయ్యి వణుకు కూడా పెద్ద సమస్య కాదు. 50 ఎంఎం లెన్సు అయితే సెకనులో 50వ వంతు, 35 అయితే 35వ వంతు కన్నా నెమ్మదించకూడదన్నది పాత సూత్రం. చిన్న సెన్సార్ (వెలుగును పట్టే చిప్) ఉన్న కెమెరాకు ఆ అంకెను ఒకటిన్నర రెట్లు చేసుకోవాలి. మోచేతులు డొక్కలకు ఆనించి, ఏ షాపు షట్టర్‌కో స్తంభానికో వీపు ఆనించి, ఊపిరి వదులుతూ వరసగా మూడు నాలుగు నొక్కితే ఒకటి నిలకడగా వస్తుంది. 'మా కెమెరాలో స్టెబిలైజేషన్ ఉంది కదా' అనేవాళ్లకూ ట్రైపాడ్‌కు చెప్పిన జవాబే: అది మీ చేతి కదలికను సరిచేస్తుంది, పూల బుట్ట ఎత్తుకుని పోయే ఆమె కదలికను కాదు.

ట్రైపాడ్ పనికిరాదని కాదు. కింది నుంచి కనిపించే కొండ దారి దీపాలకు, ఫ్లైఓవర్ మీద బండ్ల వెలుగు గీతలకు, గోపురానికి అది కావాల్సిందే. గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉన్న వీధుల్లో మాత్రం యాత్రికుల కాళ్లకు అడ్డం, ఆటోవాళ్ల తిట్లు. పైగా మూడు కాళ్ల మీద కెమెరా నిలబెట్టగానే వీధి వీధిలా ఉండదు, అందరూ మీ వైపే చూస్తారు.

ఇక ఐఎస్ఓ భయం. ఐఎస్ఓ పెంచిన ఫొటోలో నాయిస్ (ఇసుక చల్లినట్టుండే చుక్కలు) ఎక్కువ కనిపించే మాట నిజమే. కానీ దానికి అసలు కారణం సెన్సార్ మీద పడిన వెలుగు తక్కువ కావడం. ఐఎస్ఓ 400 దగ్గర చీకటిగా తీసి, ఇంటికొచ్చి మూడు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు) పెంచితే కొత్త వెలుగు ఎక్కడి నుంచి వస్తుంది? నాయిస్ తక్కువలో తక్కువ అంతే ఉంటుంది, చాలా కెమెరాల్లో నీడల్లో ఇంకా ఎక్కువవుతుంది. జేపెగ్‌లో (కెమెరా కుదించి దాచే ఫైలు) తీసి ఉంటే రంగులు కూడా విరిగిపోతాయి. పాత రోజుల్లో పేరున్న కొడాక్ ట్రై-ఎక్స్ నలుపు తెలుపు ఫిల్మ్ స్పీడు (ఫిల్మ్‌కు ఐఎస్ఓ లాంటిదే) 400. పత్రికల ఫొటోగ్రాఫర్లు దాన్ని 1600గా వాడి, డెవలపర్ ద్రావణంలో ఎక్కువసేపు ఉంచేవాళ్లు. గ్రెయిన్ (ఫిల్మ్ మీద కనిపించే చుక్కలు) బాగా కనిపించేది. ఆ ఫొటోలు పేపర్లో పడ్డాయి, జనం చూశారు. నాయిస్‌తో అంత టెన్షన్ ఉంటే లెన్సు మార్చండి: మామూలు జూమ్ ఎఫ్ 5.6 దగ్గర ఇచ్చే వెలుగుకు ఎఫ్ 1.8 లెన్సు పది రెట్లు దగ్గరగా ఇస్తుంది.

ఆ మెసేజ్‌లో అసలు లేని సంగతి ఇంకొకటి ఉంది. తిరుపతి వీధుల్లో రాత్రి ఇబ్బంది పెట్టేది చీకటి కన్నా వెలుతురే. మల్లెపూల బండి మీద ఎల్ఈడీ బల్బు, దాని పక్కనే అప్పుడే గుండు చేయించుకుని గంధం రాసుకున్న యాత్రికుడు. కెమెరా చుట్టూ ఉన్న చీకటిని చూసి ఎక్స్‌పోజర్ పెంచేస్తుంది, గుండు తెల్ల మచ్చ అయిపోతుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా లెక్కను మనం సవరించే సెట్టింగ్) మైనస్ ఒకటి పెట్టుకోండి. ఒక స్టాపు తగ్గించి వెలుగును కాపాడుకోవడం వేరు, మూడు స్టాపులు చీకటిగా తీయడం వేరు. ఇంకో చికాకు ఆ బల్బుల మినుకు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి నాసిరకం ఎల్ఈడీలు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతాయి. సైలెంట్ (ఎలక్ట్రానిక్) షట్టర్‌తో తీస్తే ఫొటో మీద అడ్డ చారలు పడతాయి. షట్టర్‌ను 100వ వంతుకో 50వ వంతుకో తెస్తే పోతాయి.

ఫ్లాష్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. దగ్గరి ముఖం సున్నం కొట్టినట్టు, వెనక వీధి మసిలా వస్తుంది. కావాలని అలా తీసేవాళ్లున్నారు, అది వాళ్ల శైలి. అందరికీ నియమంగా చెప్పడమే తప్పు.

నైట్ మోడ్ మంచిదే. 2018లో గూగుల్ పిక్సెల్‌లో నైట్ సైట్ వచ్చాక ఫోన్లతో రాత్రి ఫొటోల తీరే మారింది. అయితే అది వరసగా చాలా ఫ్రేములు తీసి కలుపుతుంది. దీపాల కింద నిలబడి ఇడ్లీ తింటున్న వాళ్లకు సరిపోతుంది. బస్సు వెనక పరుగెత్తే వాళ్లు మాత్రం చెదిరిపోయి కనిపిస్తారు. అప్పుడు నైట్ మోడ్ ఆపేసి, ప్రో మోడ్‌లో షట్టర్ మీరే పెట్టుకోండి.

ఎవరినైనా అడక్కుండా తీయొచ్చన్న ఆ మెసేజ్ చివరి మాటే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. బహిరంగ స్థలంలో ఫొటో తీయడాన్ని మొత్తంగా నిషేధించే చట్టం లేదన్నంత వరకు సరే. కానీ భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ ఉంది. ఏకాంతంలో ఉన్న స్త్రీని చాటుగా చూడటం, ఫొటో తీయడం నేరం. తిరుమల గుడిలోకి కెమెరా, ఫోన్ రెండూ తీసుకెళ్లకూడదు. వీటన్నిటి తర్వాత మామూలు మర్యాద ఒకటుంది. దర్శనానికి వచ్చి, గది దొరక్క రైల్వే స్టేషన్ బయట దుప్పటి పరుచుకుని పడుకున్న కుటుంబాన్ని జూమ్ చేసి తీయడం వీధి ఫొటోగ్రఫీ అని నేను ఒప్పుకోను. గంగ జాతరలో వేషం కట్టిన వాళ్లను అడిగి చూడండి, చాలామంది తీసుకోమనే అంటారు. తీశాక స్క్రీన్ మీద చూపిస్తే ఫొటో పంపమని నంబరు ఇచ్చేవాళ్లూ ఉంటారు. ఆ నంబరుకు ఫొటో పంపండి, ఈ మెసేజ్ మాత్రం ఫార్వర్డ్ చేయకండి.