దీపం తోమింది ఎవరు?

ఈ ఉగాదికి బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్లు కథల పోటీ పెట్టి, చదివి మంచిది ఎంచే పని నాకు అప్పగించారు. వచ్చిన కథల్లో సగానికి పైగా ఒకటే మలుపు. కుర్రాడు అనంతపురంలోనో ఒంగోలులోనో తాతగారింటికి వెళ్తాడు. అటక మీద ట్రంకు పెట్టె, అందులో రాగి యంత్రం. 'అనుకోకుండా' చెయ్యి తగులుతుంది. నీలం వెలుగు. పేజీ తిప్పేసరికి కుర్రాడు వేరే లోకంలో ఉంటాడు.

యంత్రం మీద, వెలుగు మీద నాకు అభ్యంతరం లేదు. ఆ 'అనుకోకుండా' మీదే ఉంది. వింత వస్తువు పొరపాటున మేలుకోవడం ఎంత పాత ఎత్తుగడో అందరికీ తెలుసు. పైలోకం నుంచి జారిపడిన ఉంగరాలు, పుస్తకాలు మన సినిమాల్లోనే బోలెడు. పాతదైతే నష్టం లేదు. కానీ ఆ పొరపాటు ఆ మనిషి మాత్రమే చేయగలిగినదై ఉండాలి. అటక మీద కుర్రాడి బదులు పిల్లి తిరిగినా యంత్రం అలాగే వెలిగేదైతే, కథకుడు తన పని ఎగ్గొట్టాడనే అర్థం.

మన పెద్దలు ఈ తేడాకు ఎప్పుడో పేర్లు పెట్టారు. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగితే కాకతాళీయం. కాకికీ పండుకీ సంబంధం లేదు. రెండోది ఘుణాక్షర న్యాయం. పురుగు కర్రను తొలుచుకుంటూ పోతుంది, ఆ గీత ఒకచోట అక్షరంలా కనిపిస్తుంది. పురుగుకు అక్షరాలు రావు, రాయాలనీ లేదు. అయినా అది తన ఆకలితో తన దారిన తొలుచుకుంటూ పోయింది కాబట్టే ఆ గీత పడింది. కథకు కావాల్సిన పొరపాటు ఇదీ. కాకిని నమ్ముకున్నవాళ్లు చాలామంది, పురుగును గమనించినవాళ్లు తక్కువ.

అల్లావుద్దీన్ కథ తీసుకోండి. సిరియాలోని అలెప్పో నుంచి వచ్చిన హన్నా దియాబ్ 1709లో పారిస్‌లో చెప్పగా ఫ్రెంచి రచయిత ఆంత్వాన్ గలాన్ విన్న కథ అది. అందులో దీపం భూతాన్ని మొదట లేపింది అల్లావుద్దీన్ కాదు, వాళ్లమ్మ. ఇంట్లో తిండి లేదు. దీపం అమ్ముదామనుకున్నారు. కాస్త శుభ్రంగా ఉంటే నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయని ఆమె ఇసుక పెట్టి తోమింది. భూతం లేచింది. అంతకుముందు గుహలో ఉంగరం సంగతీ ఇలాంటిదే. చీకట్లో దిక్కు తోచక కుర్రాడు దేవుడికి చేతులు జోడించాడు, వేలి ఉంగరం రాసుకుంది. అక్కడ తల్లి ఆకలి, ఇక్కడ కొడుకు భయం. ఎవరి చేతులు వాళ్ల పని చేశాయి.

కుంతి కూడా అంతే. దుర్వాసుడు ఇచ్చిన మంత్రం నిజంగా పనిచేస్తుందా అని చూడాలనిపించింది. ఆ వయసు పిల్లకు అనిపించకపోతేనే ఆశ్చర్యం. సూర్యుడు వచ్చి ఎదురుగా నిలబడ్డాక పొమ్మంటే పోడు. ఆ ఒక్క క్షణం బరువును ఆమె కురుక్షేత్రం ముగిసి, తర్పణాల వేళ పాండవుల ముందు నోరు విప్పేదాకా మోసింది.

కథలో సమస్య యాదృచ్ఛికంగా మొదలైతే ఫర్వాలేదు, యాదృచ్ఛికంగా తీరితేనే తప్పు అని కథా వర్క్‌షాపుల్లో చెప్తుంటారు. తలుపు ఎలా తెరుచుకుందని పాఠకుడు అడగడు, లోపల ఏముందనే చూస్తాడని వాళ్ల వాదన. చదువుతున్నంతసేపూ అడగడు, నిజమే. పుస్తకం మూశాక మాత్రం అతనికి వెలుగు రంగు తప్ప మనిషి గుర్తుండడు.

ఈ విషయం నన్ను వదలకపోవడానికి కారణం కథల బయట ఉంది. 1987 సెప్టెంబరులో బ్రెజిల్‌లోని గోయానియాలో, ఖాళీ చేసి వదిలేసిన ఒక రేడియోథెరపీ క్లినిక్ నుంచి ఇద్దరు ఒక యంత్ర భాగాన్ని విప్పుకెళ్లి తుక్కు వ్యాపారికి అమ్మారు. లోపల సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం. చీకట్లో అది నీలంగా వెలుగుతుంటే అపురూపమైన వస్తువనుకుని అతను ఇంట్లోకి తెచ్చుకున్నాడు. చుట్టాలకూ స్నేహితులకూ చూపించాడు, తలా కొంచెం పంచాడు. నలుగురు చనిపోయారు, వాళ్లలో ఆరేళ్ల పాప ఉంది. మన దగ్గర 2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు మార్కెట్‌లో అదే జరిగింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం ఏళ్ల తరబడి వాడకుండా ఉంచి, చివరికి వేలం వేసిన పరికరంలో అలాంటి మరో పదార్థం, కోబాల్ట్-60 ఉంది. విప్పినవాళ్లకు ఆ సంగతి తెలియదు. ఒకరు చనిపోయారు.

పోటీ కథల్లోని నీలం వెలుగు ఈ లోకంలో నిజంగానే ఉందన్నమాట. వస్తువు గుట్టు తెలిసినవాళ్లు దాన్ని వదిలేసి వెళ్లిపోతారు. తోమేవాళ్ల, విప్పేవాళ్ల, విరగ్గొట్టేవాళ్ల చేతుల్లో అది మేలుకుంటుంది. మూడు రెక్కల రేడియేషన్ గుర్తు చూసి జనానికి ప్రమాదమని తట్టడం లేదని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ పుర్రె, పరుగెత్తే మనిషి ఉన్న ఎర్ర గుర్తును తెచ్చేసరికి 2007 వచ్చింది. అప్పటికి గోయానియా జరిగి 20 ఏళ్లు. ఇక్కడ బెంగళూరులో పాత సర్క్యూట్ బోర్డులు, బ్యాటరీలు రోజూ విప్పే చేతులకు పెట్టె మీద ఏం రాసుందో చదివి చెప్పేవాళ్లెవరు? ఈ ఊళ్లో వింత వస్తువు కథ రాయాలనుకునేవాళ్లు ముందు ఆ తుక్కు దుకాణంలో ఒక పూట కూర్చోవాలి.

పోటీలో ఒక్క కథ ఆ దిక్కుగా వెళ్లింది. పదో తరగతి అమ్మాయి రాసింది. పావగడ నుంచి వచ్చి టెక్ పార్కులో హౌస్‌కీపింగ్ చేసే ఆవిడ, నైట్ షిఫ్టులో ఒక గదిలో గాజు పలక తుడుస్తుంటుంది. మరక వదలడం లేదు. నిన్ననే దాని గురించి సూపర్‌వైజర్ అందరి ముందూ తిట్టాడు. గట్టిగా రుద్దుతుంది. పలక వెలుగుతుంది, లోపలి నుంచి ఎవరో పలకరిస్తారు. ఆ గొంతు ఏ లోకానిదో అమ్మాయి చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసి, గుడ్డను వీపు వెనక దాచుకుని, "నేనేం ముట్టుకోలేదు సార్" అంటుంది.

మొదటి బహుమతి దానికిచ్చాను.